జాడీని తినేసిన కథ

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాటేమో గాని, వెన్న మాత్రం మనం చూస్తుండగానే నూనె అయి కూర్చుంటుంది. అలాంటి ఎండల్లో, అదీ రాజమండ్రిలో, మధ్యాహ్నం రెండు గంటలకి ఆపిల్ 'పై' చేస్తానని కొంగు బిగించాను నేను. 'పై' అంటే మరేం లేదు. అడుగున ఒక పిండి రేకు, మధ్యన పళ్లముక్కలో కూరలో మాంసమో, మీద ఇంకో పిండి రేకు కప్పి ఓవెన్‌లో కాల్చే ఇంగ్లీషువాళ్ల వంట. లోపలి పళ్లముక్కలు ఎవరైనా మగ్గపెడతారు. ఆ రేకుతోనే వస్తుంది చిక్కంతా. కొరగ్గానే పొరలు పొరలుగా విడిపోయి నోట్లో కరిగిపోవాలి.

నాది కరగలేదు. మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, మర్యాదకి మింగి, "లోపలిది బాగుందమ్మాయ్. ఈ చెక్క తీసేసి తినాలా?" అని అడిగారు.

ఆవిడ వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగారు. నాకప్పుడు ఉక్రోషం వచ్చింది గాని, తరవాత నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసింది, ఆవిడ అడిగింది ఆరువందల ఏళ్లనాటి ప్రశ్న అని. ఆ చెక్క తినడానికా, తీసి అవతల పెట్టడానికా?

అసలు నాకీ పిచ్చి ఎలా పట్టుకుందో చెప్పాలి. మా చెల్లెలు ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్లో ఉంటుంది. దాని పురిటికని వెళ్లి మూణ్ణెల్లు ఉన్నాను. పక్కింట్లో ఎనభై దాటిన ఆవిడ ఒక్కతే ఉండేది. పెరట్లో ఆపిల్ చెట్టు. అక్టోబరు నెల వచ్చేసరికి చెట్టు కింద పళ్లు రాలి మగ్గిపోతుంటే చూడలేక, ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచింది. పిండి తియ్యలేదు, పళ్లు తరగలేదు. ముందుగా కుళాయి తిప్పి, చన్నీళ్ల కింద రెండు చేతులూ పెట్టి నిలబడింది. మనం పూజకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుంటామే, అలా. 'పై' చేసే మనిషికి చల్లటి చేతులుండాలని అక్కడి నమ్మకమట. "నావి వేడి చేతులు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నా చెయ్యి పట్టుకు చూసి పెదవి విరిచింది" అంది నవ్వుతూ. అత్తగార్లు ఏ దేశంలో అయినా అత్తగార్లే కదా అనుకున్నాను.

చల్లటి చేతులెందుకో మనవాళ్లకి చెప్పడం చాలా తేలిక. మనం జంతికల పిండిలోనో చెక్కల పిండిలోనో ఇంత వెన్న వేసి కలుపుతాం. ఎందుకమ్మా అంటే "గుల్లగా రావడానికి" అంటాం. ఇంగ్లీషువాళ్ల భాషలో ఈ గుల్లదనానికి 'షార్ట్' అనే మాట వాడతారు. షార్ట్‌బ్రెడ్ బిస్కట్లకి ఆ పేరు అలా వచ్చిందే. గోధుమపిండిలో నీళ్లు పోసి మర్దిస్తే జిగురు సాగుతుంది. చపాతీకి ఆ సాగుడే కావాలి. వెన్న ముందే పిండికి పట్టిందనుకోండి, నీరు పిండిని పూర్తిగా అందుకోలేదు, జిగురు సాగదు, గుల్లగా వస్తుంది.

గుల్లదనం ఒక్కటీ చాలదు, పొరలు కూడా కావాలంటే, వెన్నంతా పిండిలో కలిసిపోకూడదు. బఠానీగింజంత ముక్కలుగా మిగలాలి. కర్రతో ఒత్తితే ఆ ముక్కలు పిండి పొరల మధ్య పల్చటి బిళ్లలవుతాయి. ఓవెన్ వేడికి అవి కరుగుతాయి. వెన్నలో సుమారు నూటికి పదహారు వంతులు నీరే. ఆ నీరు ఆవిరై పై పొరని ఎత్తుతుంది. ఎత్తిన పొర ఎత్తినట్టే కాలి గట్టిపడుతుంది. అదీ రహస్యం. వేడి చేతులతో ముట్టుకుంటే వెన్న ముందే కరిగి పిండిలో ఇంకిపోతుంది, పొరలుండవు. రాజమండ్రి ఎండలో నా బతుకు అదే అయింది.

మన మడతకాజా కూడా ఈ కుటుంబానిదే, కాకపోతే కొంచెం దూరపు చుట్టం. అక్కడ పొరల మధ్య రాసేది నెయ్యీ బియ్యప్పిండీ. నెయ్యిలో నీరుండదు. పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా నెయ్యి అడ్డుపడుతుంది, పిండిలో ఉన్న తేమే కాగే నూనెలో ఆవిరై వాటిని విడదీస్తుంది.

సరే, ఇక చెక్క తీసేసి తినే కాలానికి వెళదాం. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డుగారి వంటవాళ్లు కూర్చిన ఒక వంటల పుస్తకం ఉంది. 'ది ఫోర్మ్ ఆఫ్ క్యూరీ' దాని పేరు. క్యూరీ అంటే మన కూర కాదు, వంట అని అర్థం. ఆ రోజుల్లో 'పై' రేకుని 'కాఫిన్' అనేవారు. ఇవాళ ఆ మాట వింటే శవపేటికే గుర్తొస్తుంది. అప్పట్లో దానికి పెట్టె, బుట్ట అనే అర్థం. వినడానికి ఎలా ఉన్నా మాట సరైనదే. అది నిజంగా పెట్టే. రేకు గిన్నెలూ బేకింగ్ పళ్లేలూ ఇంటింటా లేని కాలం కదా. పిండిని మందంగా గోడల్లా లేపి, అందులో మాంసం కూరి, మూత వేసి కాల్చేవారు. కాలాక మూతకున్న చిల్లులోంచి కరిగిన వెన్న పోసి లోపలికి గాలి తగలకుండా నింపేవారు. అలా చేస్తే చాలా రోజులు నిలవుండేది.

ఈ మాట చదవగానే నాకు మన ఆవకాయ జాడీ కళ్లముందు నిలిచింది. ముక్క మీద నూనె తేలుతుండాలని మనం ఎందుకంటామో వాళ్లు వెన్న అందుకే పోశారు. జాడీని ఎవరు తింటారు? లేనివాళ్లు, ఆకలిగొన్నవాళ్లు ఆ పెంకుని కూడా వదిలి ఉండరు గాని, విందు చేసేది మాత్రం లోపలిదే.

మరి జాడీ ఎప్పుడు తిండి అయింది? ఒక్కరోజులో కాలేదు. 1545 ప్రాంతంలో అచ్చయిన ఓ చిన్న ఇంగ్లీషు వంటల పుస్తకంలో పళ్ల టార్టులకి రేకు చేసే పద్ధతి ఉంది. మెత్తటి పిండి, కాసిని నీళ్లు, వెన్న, కాస్త కుంకుమపువ్వు, రెండు గుడ్ల పచ్చసొనలు. పల్చగా, వీలైనంత మెత్తగా చెయ్యమంటుంది. చూశారా, మెత్తగా అనే మాట వచ్చిందంటే తినేవాళ్లు వచ్చారన్నమాట! జాడీ మెత్తగా ఉండాలని ఎవరూ కోరుకోరు కదా.

1596లో అచ్చయిన 'ద గుడ్ హస్‌వైఫ్స్ జూవెల్' అనే పుస్తకంలో ఇంకో అడుగు ముందుకు పడింది. దాని పేరే మంచి ఇల్లాలి ఆభరణం. అందులో వెన్న రేకు ఉంది. చల్లటి వెన్న తీసుకోమంటుంది. పన్నీరు కలిపినా బాగుంటుందంటుంది. పిండి ఒత్తి, వెన్న పెట్టి, మడిచి, మళ్లీ ఒత్తి, అలా అయిదారు మార్లు చెయ్యమంటుంది. ఇదంతా ఇంగ్లండులోనే పుట్టిందని కాదు సుమండీ. స్పెయినులోని అరబ్బులు పదమూడో శతాబ్దంలోనే పొరల రొట్టెలు చేసుకుని, వాటికి ఆకులాకులుగా ఉండేది అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరులోనూ ఆకే ఉంది. మనం పూతరేకు అంటాం. పల్చదనం చెప్పాలంటే ఎవరికైనా చెట్టు మీదికే చూపు పోతుంది కాబోలు.

ఇంతకీ పొరల రేకుని ఎవరు కనిపెట్టారని అడిగితే, చాలామంది చెప్పే పేరు క్లాడ్ లొరైన్. ఆయన గొప్ప చిత్రకారుడు. చిన్నప్పుడు మిఠాయివాళ్ల దగ్గర పని నేర్చుకుంటూ వెన్న మడతపెట్టడం కనిపెట్టాడని కథ. కథ బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. ఆయన పుట్టింది 1600 ప్రాంతంలో. ఆయన ఊయల ఎక్కకముందే ఇల్లాళ్ల కోసమని ఆ పద్ధతి అచ్చయి ఉంది! పేరున్న పురుషుడు ఒకడు కనపడితే చాలు, వంటింట్లో వందల చేతులు చేసిన పని ఆయన ఖాతాలో పడిపోతుంది.

1615లో జెర్వేజ్ మార్కమ్ అనే ఆయన ఇంగ్లీషు ఇల్లాలికి ఏమేం తెలిసుండాలో ఓ పుస్తకం రాశాడు. అందులో జాడీ, తిండి రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. జింకమాంసానికి రై పిండితో మందపాటి పెంకు, అది నిలవుండాలి గనక. కోడిపిల్లలకీ, పళ్లకీ మేలైన గోధుమపిండితో పల్చటి గుల్లటి రేకు, అది వెంటనే తినాలి గనక. ఇవన్నీ ఇల్లాలికి చేతనవాలన్నాడు. చెప్పింది ఆయన, చేసింది ఆవిడ.

మరి చేసే ఆవిడ తనే చెబితే ఏమవుతుంది? 1747లో లండనులో 'ది ఆర్ట్ ఆఫ్ కుకరీ' అనే పుస్తకం వచ్చింది. దాని మీద రచయిత్రి పేరు లేదు. 'ఒక స్త్రీ' అని మాత్రం ఉంది. ఆ స్త్రీ హన్నా గ్లాస్. పనిపిల్లలకి కూడా అర్థమవాలని వాడుక మాటల్లో రాసింది. మన కూరా, మన పులావూ కూడా అందులో ఉన్నాయి. రేకులైతే ఒకటి కాదు, పెద్ద 'పై'లకొకటి, పొరల రేకొకటి, మాంసం వేపగా కారిన కొవ్వుతో పొదుపు రేకొకటి. పొరల రేకుకి ఆవిడ లెక్క చూస్తే గుండె ఆగుతుంది. తొమ్మిది పది మార్లు మడిచి ఒత్తుతూ ఒకటిన్నర పౌన్ల వెన్న, అంటే మన ఏడువందల గ్రాముల దాకా పట్టించాలి.

పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆవిడ మాత్రం 1754లో దివాలా తీసింది. పుస్తకం హక్కు అమ్ముకుంది. 1757లో అప్పులకి జైలుకి కూడా వెళ్లింది. 1770లో పోయింది. తరవాత ఎనిమిదేళ్లకి, 1778లో, డాక్టర్ జాన్సన్‌గారు, ఆ మహా నిఘంటుకర్త, భోజనాల దగ్గర కూర్చుని ఉండగా ఆ పుస్తకం మాట వచ్చింది. అది అసలు హిల్ అనే ఒక డాక్టరుగారు రాశాడట అని పుస్తకాల వర్తకుడొకాయన అన్నాడు. జాన్సన్‌గారికి ఆ మాట మీద అనుమానమే గాని, ఆడవాళ్లు నూలు బాగానే వడుకుతారు గాని మంచి వంటల పుస్తకం రాయడం వాళ్లకి చేతకాదని మాత్రం తేల్చేశాడు. వంటల పుస్తకం సుమండీ! అది రాసింది హన్నా గ్లాసే అని ఒక చరిత్రకారిణి కాగితాలు వెతికి రుజువు చేసేసరికి 1938 వచ్చింది. ఆ చరిత్రకారిణి కూడా స్త్రీయే. పేరు మాడలిన్ హోప్ డాడ్స్.

ఇంకొకామె కథ వింటే ఇంకా జాలేస్తుంది. 1796లో అమెరికాలోని హార్ట్‌ఫర్డులో 'అమెరికన్ కుకరీ' అచ్చయింది. అమెరికా మనిషి రాసిన తొలి వంటల పుస్తకంగా దాన్ని చెబుతారు. నలభై ఏడు పేజీలు. రాసినామె పేరు అమీలియా సిమన్స్. పేరు కింద 'ఒక అమెరికన్ అనాథ' అని వేసుకుంది. అక్కడ పండే గుమ్మడికాయని పాలూ గుడ్లూ మసాలాలతో కలిపి రేకులో పోసి కాల్చడం అందులో ఉంది. ఇవాళ్టికీ అమెరికావాళ్లు నవంబరు పండక్కి చేసుకునే గుమ్మడి 'పై'కి అది అమ్మమ్మ. పొరల రేకులకి రకరకాల కొలతలూ ఇచ్చింది.

అయితే ఆమెకి చదువు అంతంత మాత్రం. పుస్తకాన్ని అచ్చుకి సిద్ధం చెయ్యమని ఒకరికి అప్పగిస్తే, ఆ మనిషి కొలతలు కొన్ని తీసేసి, కొన్ని మార్చేసి, వంటలు చెడిపోయేలా చేశాడని, తన అనుమతి లేకుండానే ఇదంతా జరిగిందని తరవాతి ప్రతుల్లో ఆమె వాపోయింది. నా మొదటి నవల అచ్చయినప్పుడు కథానాయిక పేరు రెండు చోట్ల మారిపోయి ఉంటే నేను మూడు రోజులు అన్నం తినలేదు. ఆమె ఎంత ఏడ్చి ఉంటుందో నాకు తెలుసు. ఆ పుస్తకం తప్ప ఆమె బతుకు గురించి మనకి మిగిలింది ఏమీ లేదనే చెప్పాలి.

మళ్లీ లీడ్స్ ఆవిడ దగ్గరికి వద్దాం. వెన్నముక్కలు కోస్తూ ఆవిడ తన చిన్నతనం చెప్పింది. రెండో యుద్ధంలో, 1940 జనవరిలో, ఇంగ్లండులో వెన్నకి రేషను పెట్టారు. చాలాకాలం మనిషికి వారానికి రెండు ఔన్సులే, అంటే అరవై గ్రాములు కూడా నిండవు. 1941లో ఆహారమంత్రి లార్డ్ వూల్టన్ పేరు మీద మాంసం లేని కూరగాయల 'పై' ఒకటి ప్రచారంలోకి తెచ్చారు. దాని మూత బంగాళాదుంపలతోనో ముతకపిండితోనో చెయ్యాలి. వెన్న రేషను పూర్తిగా ఎత్తేసింది 1954 మే నెలలో. అప్పటికి ఈవిడకి పన్నెండో పదమూడో. ఇంట్లో అయిదుగురి వాటా వెన్న నెలలో ఒక వారం ఎవ్వరూ ముట్టకుండా దాచి, వాళ్లమ్మ ఒక ఆపిల్ 'పై' చేసేదట. "ఆ వారమంతా ఉత్త రొట్టె తినేవాళ్లం. ఎవ్వరం సణిగేవాళ్లం కాదు" అంది.

వెన్నకి బదులు వచ్చినవాటి సంగతీ చెప్పుకోవాలి. 1911లో అమెరికాలో పత్తిగింజల నూనెని గడ్డకట్టించి క్రిస్కో అని అమ్మారు. ఎండకి త్వరగా కరగదు, చవక, శుభ్రం అన్నారు. 1913లో దానితో చేసే ఆరువందల పదిహేను వంటలతో పుస్తకమే వేశారు. మనకి 1937లో డాల్డా వచ్చింది. పసుపు డబ్బా, దాని మీద పచ్చని చెట్టు బొమ్మ. తినేశాక తులసి మొక్క వేసుకునేవాళ్లం. తీరా చూస్తే, అలా గడ్డకట్టించేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకి మంచివి కావని తేలింది. అమెరికా 2015లో వాటిని వద్దంది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో కొవ్వుల్లో వాటిని నూటికి రెండు వంతులకి మించకూడదన్నారు. చివరికి పక్కింటావిడ దాచుకున్న వెన్నే నయమైంది.

ఆవిడ దగ్గర రాసిపెట్టిన కొలతేమీ లేదు. వాళ్లమ్మ వాడిన పిడి విరిగిన కప్పుతోనే కొలిచింది. నేను ఊరుకోలేదు. చెల్లెలి ఇంటి నుంచి తూకం తెచ్చి ప్రతిదీ తూచి రాసుకున్నాను. ఆ కాగితం పట్టుకునే ఇక్కడ మళ్లీ ప్రయత్నించాను. ఈసారి తెల్లవారుజామున అయిదింటికి.

మైదా 250 గ్రాములు, వెన్న 175 గ్రాములు, చెంచా పంచదార. వెన్న ఉప్పుదైతే వేరే ఉప్పక్కర్లేదు. ఇంట్లో చిలికిన వెన్నలో నీరెక్కువ, గుడ్డలో మూటకట్టి పిండెయ్యండి. వెన్నని సెంటీమీటరు ముక్కలుగా కోసి పావుగంట ఫ్రీజర్లో పెట్టండి, పిండిని కూడా. వేళ్ల కొసలతో గబగబా నలపండి, అరచెయ్యి తగలనివ్వకండి. బఠానీగింజంత ముక్కలు మిగలగానే ఆపండి. ఐసునీళ్లు నాలుగైదు పెద్ద చెంచాలు, ముద్ద అవడానికి ఎంత కావాలో అంతే. మర్దించకండి. చదరంగా ఒత్తి మూడు మడతలు వేసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తరవాత రెండు రేకులు చేసుకోండి. ఆపిల్ ముక్కలు నింపి, మూతకి గాట్లు పెట్టి, 200 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు, 180లో ఇంకో అరగంట, రేకు బంగారు రంగు తిరిగేదాకా.

మా అత్తగారు కొరికారు. పొరలు చీర మీద రాలాయి. "గుల్లగా వచ్చిందే! మా కాజాల్లా" అన్నారు, చీర దులుపుకోకుండానే.

ఆ మాటతో నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ మడతకాజా చేస్తే పొరల మధ్య పాకం కనపడేది. "ఎంత పిండికి ఎంత నెయ్యే?" అంటే "చేతికి తెలుస్తుందే" అనేది. ఆ చెయ్యి పోయి ఆరేళ్లయింది. పదకొండు నవలలు రాశాను, వాటిల్లో ఎవరెవరి వంటిళ్లో వర్ణించాను. మా అమ్మ కాజా కొలత ఒక్క చీటీ మీద కూడా రాసుకోలేదు. ఎవరి వేళ్ల కొసల్లోంచి ఎంత నెయ్యి జారిందో ఇప్పుడెవరిని అడగను?

అందుకే మొన్న సంక్రాంతికి అత్తగారు కాజాలకి కూర్చుంటే నేను తూకం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ దోసిలితో పిండి పోస్తే ఆపి తూచాను. నెయ్యి ఒంపబోతే గిన్నె లాక్కుని తూచాను. "పిండిని తూస్తావేమిటమ్మాయ్, బంగారమా?" అని విసుక్కున్నారు. పొయ్యి మీద నూనె కాగిపోతోందని కసిరారు. నేను వదల్లేదు. పుస్తకంలో పేజీన్నర అయింది.

అంతా అయ్యాక, చేతులు తుడుచుకుంటూ, "ఇంత రాశావు, కింద నా పేరు కూడా వేస్తావా?" అని అడిగారు, ఏదో వేళాకోళానికి అన్నట్టు.

"వేస్తానండీ, ఇంటిపేరుతో సహా" అన్నాను కలం తీసి.

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అయితే పుట్టింటి పేరు వెయ్యి" అన్నారు. "ఇది మా అమ్మ నేర్పింది."